చుక్కలో అక్షరమున్న బిళ్ళ

ధర్మవరంలో రైలు గేటు దాటాక వచ్చే మగ్గాల వీధిలో ఎవరింటికి చుట్టం వచ్చినా, ఆ చుట్టం సంచిలో ఏముందో ముందు శ్యామలమ్మకు తెలియాలి. ఆ ఇంటివాళ్ళకు తర్వాత తెలిసినా ఆమెకేమీ అభ్యంతరం లేదు. అరవైకి దగ్గరపడిన మనిషి. చదివింది ఐదో తరగతి. తెలుగు గబగబా చదువుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మాత్రం పట్టు పొట్లాల మీద, జరీ పెట్టెల మీద చూసి చూసి నేర్చుకుంది. కరెంటు మీటరు చూసే మనిషి వస్తే అతని భుజం పక్కనే నిలబడి అంకెలు తనూ చదువుతుంది. గ్యాస్ బండ తూకం వెయ్యందే గడప దాటనివ్వదు. ఒకసారి బస్సులో, టికెట్టు కొట్టే మిషన్లో కాగితం అయిపోతే ఏం చేస్తావని కండక్టరును అడిగింది. అతను చెప్పిన జవాబు నమ్మక, దిగాక డిపోలో ఇంకొకరిని అడిగి పోల్చి చూసుకుంది.

ఆమె అనుమానం వట్టి నోటి అనుమానం కాదు, కాళ్ళున్న అనుమానం. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు కొత్త హంసల అంచు నేయడానికి చిల్లుల అట్టలు తెచ్చి మగ్గానికి బిగించి, ఈ డిజైను ఊరు మొత్తం మీద మీకే ఇచ్చాను, రెండేళ్ళు పని ఆగదు, కూలి మాత్రం కాస్త తగ్గించుకోండి అన్నాడు. ఆమె భర్త సంజీవప్ప తల ఊపాడు. శ్యామలమ్మ మర్నాడు పొద్దున్నే చేతిలో గిన్నె పట్టుకుని, పెరుగు తోడుకు వచ్చానని పదకొండు ఇళ్ళు తిరిగింది. నాలుగిళ్ళ మగ్గాల మీద అవే హంసలు ఈదుతున్నాయి. సాయంత్రానికి కూలి మళ్ళీ మామూలుకు వచ్చింది. గిన్నెడు పెరుగు కూడా మిగిలింది. ఆ తర్వాత ఏ షావుకారూ ఆ ఇంట్లో "మీకొక్కరికే" అనే మాట వాడలేదు.

అలాంటి మనిషి కూడా పోయిన ఏడు ఒక బిళ్ళ దగ్గర తడబడింది.

ఆ బిళ్ళ వాళ్ళింటికి వచ్చి పదేళ్ళు దాటింది. పుట్టపర్తికి వచ్చిన ఒక తెల్ల ఆవిడ ధర్మవరంలో చీర ఎలా నేస్తారో చూడాలని వాళ్ళ వీధిలోకి వచ్చింది. సంజీవప్ప మగ్గం పక్కన కూర్చుని పూటంతా చూసింది. శ్యామలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, పిల్లలెందరు, మొగుడేం చేస్తాడు, జుట్టుకు ఏం రాస్తావు అని అన్నీ సైగలతోనే రాబట్టింది. పోయేటప్పుడు ఆవిడ ఆమె చేతిలో ఒక బిళ్ళ పెట్టి, గుప్పిట మూసి వెళ్ళిపోయింది. చుట్టూ తెలుపు, నడుమ పసుపు. నడుమ భాగంలో ఎద్దు మీద కూర్చున్న ఆడమనిషి. చుట్టూ ఆకాశంలో ఉండేలాంటి పన్నెండు చుక్కలు.

లేపాక్షి నందిని చిన్నప్పటి నుంచి చూసిన కళ్ళకు ఎద్దు మీద కూర్చున్న ఆడమనిషి ఇంకెవరుగా కనిపిస్తుంది? పార్వతమ్మే. ఆ దేశంలో కూడా మన అమ్మవారి బిళ్ళలు కొడుతున్నారు చూడమని వీధంతా చూపించి, దేవుడి గూట్లో పెట్టింది. ప్రతి శుక్రవారం పసుపు, కుంకుమ. పదేళ్ళకు ఎద్దు కాళ్ళు, చుక్కలు అన్నీ పసుపులో పూడిపోయాయి.

పోయిన ఏడు మాఘమాసంలో సంజీవప్ప మగ్గం మీంచి ఒక చీర దించాడు. వంకాయ రంగు ఒళ్ళు, ఆవపువ్వు రంగు అంచు. ముప్ఫై ఏళ్ళు కూలికి నేసిన మనిషి మొట్టమొదటిసారి సొంత పట్టుతో నేసిన చీర అది. చీటీ పాడి, చెవుల కమ్మలు తీసి ఆ పట్టు కొన్నారు. చీర మంచి ధరకు పోతే మళ్ళీ పట్టు వస్తుంది, మగ్గం వాళ్ళదిగా ఉంటుంది. పోకపోతే మళ్ళీ షావుకారు గడప ఎక్కి కూలి పని అడగాలి. ఆ మాట ఇద్దరూ పైకి అనుకోలేదు. చీర మాత్రం తెల్ల గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. శ్యామలమ్మ రోజుకు రెండుసార్లు తీసి చూసి మళ్ళీ పెట్టేది.

ఆ వారంలోనే సంజీవప్ప ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎద్దు మీద ఆడమనిషి ఉన్న రెండు యూరోల బిళ్ళ మీ ఇంట్లో ఉందా, అడుగు చుక్కలో ఇంగ్లీషు ఎస్ అక్షరం ఉందా, ఉంటే మీరు లక్షాధికారులు అని ఒక గొంతు చెబుతోంది. కింద నంబరు. సంజీవప్ప గూటి దగ్గరికి వెళ్ళబోతే శ్యామలమ్మ అడ్డం నిలబడి, నువ్వు ముట్టుకుంటే గీతలు పడతాయని తానే బిళ్ళ తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిచింది. అడుగు చుక్కలో చీమ తలంత ఎస్.

ఎవరైనా ఏదైనా ఉచితంగా ఇస్తానంటే వెయ్యి ప్రశ్నలు వేసే మనిషి ఆ రాత్రి ఒక్క ప్రశ్న వేయలేదు. లక్షలంటే ఎన్ని కిలోల పట్టు అని మాత్రం వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

మర్నాటికి అసలు బుద్ధి తిరిగి వచ్చింది. సంజీవప్ప ఆ నంబరుకు ఫోను చేస్తే మాట్లాడిన వ్యక్తి పేరు తిమ్మరాజు. మాటలో హిందూపురం వైపు కన్నడం కలిసి ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి పదే ఉన్నాయని, బెంగుళూరులో ఒక పెద్దాయన ఆరు లక్షల ఇరవై వేలకు కొంటాడని, సోమవారం తాను హిందూపురం లాడ్జికి వస్తానని చెప్పాడు. ఒక్కటే షరతు. నమ్మకానికి ఏదైనా ముందు ఇవ్వాలి. దుడ్లు లేకపోతే ధర్మవరం పట్టుచీర ఒకటి ఇచ్చినా చాలు, పని కాగానే చీర, ఆరు లక్షలు కలిపి ఇంటికే వస్తాయట.

"కొనేవాడు మనల్నే ముందు ఇయ్యమంటాడేందయ్యా?" అంది శ్యామలమ్మ.

"నీకు అన్నిట్లో అనుమానమే. ఆ పొద్దు అంత బిళ్ళ ఊరికే ఇచ్చి పోయిన ఆయమ్మను నమ్మినావు కదా," అన్నాడు సంజీవప్ప.

మాటతో తేలనప్పుడు ఆమె చెప్పులు వేసుకుంటుంది.

వీధి చివర ప్రసాద్ ఉంటాడు. పుట్టపర్తిలో విదేశీ డబ్బు మార్చే అంగట్లో పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. బిళ్ళ చూడగానే నవ్వి, అంగట్లో తాము నోట్లే మారుస్తామని, చిల్లర ఎవరూ తీసుకోరని, తీసుకున్నా రెండు యూరోలంటే మన డబ్బులో రెండు వందలకు అటూ ఇటూ అని చెప్పాడు. ఎస్ సంగతి అడిగింది. ఈ ఎద్దు బొమ్మ బిళ్ళల దేశంవాళ్ళు కొత్తగా యూరోలోకి మారిన ఏడు కావలసినన్ని బిళ్ళలు సొంతంగా కొట్టుకోలేక వేరే దేశాల్లో కొట్టించుకున్నారట. ఎస్ అంటే ఏ దేశంలో కొట్టారో తెలిపే గుర్తట. అలాంటివి కోట్లలో ఉన్నాయట.

అంతా చెప్పి చివర ఒక మాట అన్నాడు. "నీకు వద్దంటే నాకియ్యత్తా. రెండొందలు ఇస్తా."

శ్యామలమ్మ గుప్పిట ఠక్కున మూసుకుంది. విలువ లేనిదానికి రెండు వందలెందుకు ఇస్తాడు? ఎవరూ తీసుకోరని చెప్పిన నోటితోనే తానెందుకు అడుగుతున్నాడు? ఆరు లక్షల వస్తువును రెండు వందలకు కొట్టేయాలని చూస్తున్నాడు, ఇరుగుపొరుగు అంటే ఇంతే అనుకుంటూ ఇంటికి వచ్చింది. ఇప్పుడామెకు తిమ్మరాజు మీద ఒక అనుమానం, ప్రసాద్ మీద రెండు అనుమానాలు. సోమవారం ఇంకా మూడు రోజుల్లో ఉంది. సంజీవప్ప అప్పుడే తెల్ల గుడ్డ మూట విప్పి, చీరకు కొత్త ప్లాస్టిక్ కవరు తొడుగుతున్నాడు.

ఆమెకు పెనుకొండ గుర్తొచ్చింది. అక్కడ వరసకు వదిన అయ్యే వసుంధర ఉంది. ఆమె భర్త రంగప్ప బతికున్నన్నాళ్ళూ బెంగుళూరు నుంచి పుట్టపర్తికి విదేశీయులను టాక్సీలో తిప్పాడు. వాళ్ళిచ్చిన చిల్లర ఎక్కడా చెల్లక ఒక పాలపొడి డబ్బాలో వేసేవాడు. ఆ డబ్బా సంగతి ఆమె ఏ పెళ్ళిలోనో విని మనసులో దాచుకుంది. శనివారం పొద్దున ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు. చెబితే వసుంధర కూడా ఆశపడుతుందని భయం. కాఫీ తాగి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి, అన్న గుర్తులేమైనా ఉన్నాయా వదినా అని మెల్లగా మాట కదిపింది.

"ఏం గుర్తులు? ఆ డబ్బా ఒకటి. పిల్లోళ్ళు గవ్వలాటకు వాడుకుంటాండారు," అని వసుంధర మంచం కింది నుంచి తీసి చాప మీద బోర్లించింది.

ఖణఖణమంటూ పరుచుకున్నాయి. ఇద్దరూ ఏరడానికి కూర్చున్నారు. ఎద్దు మీద అమ్మ ఉన్నవి తొమ్మిది తేలాయి. శ్యామలమ్మ వాటిని వరుసగా పేర్చి, వసుంధర కళ్ళద్దాలు అడిగి తీసుకుని, ఒక్కొక్కదాని అడుగు చుక్కలోకి వంగింది. మొదటిది ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదానిలో ఎస్. ఐదోదానిలో ఎస్. తొమ్మిదోదానిలో ఎస్.

ప్రపంచం మొత్తానికి పదట. పెనుకొండలో ఒక మంచం కింద మూడు, ధర్మవరంలో ఒక గూట్లో ఒకటి. మిగతా ఆరు బహుశా కదిరిలో ఉంటాయి అనుకుంది. ఆమెకు నవ్వు రాలేదు. నాలుగిళ్ళలో ఈదిన హంసలు గుర్తొచ్చాయి.

సాయంత్రం స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు ప్రసాద్ చెప్పిన మాట మళ్ళీ తలలోకి వచ్చింది. ఈసారి వేరేగా వచ్చింది. పెళ్ళిళ్ళ కాలంలో ఆర్డర్లు మీద పడితే ధర్మవరం మగ్గాలు చాలక షావుకారు సోమందేపల్లి మగ్గాలకు కూడా పట్టు పంచుతాడు. ఏ చీర ఏ ఇంట్లో నేశారో తెలియడానికి ప్రతి మగ్గానికీ ఒక గుర్తు. వాళ్ళ ఇంటి గుర్తు కొంగు మొదలయ్యే చోట, అంచు పక్కన, రెండు పచ్చ పోగులు. ముప్ఫై ఏళ్ళలో ఆ పోగుల వల్ల చీరకు రూపాయి ధర పెరిగింది లేదు. తప్పు తేలితే ఎవరి గడపకు వెనక్కి రావాలో తెలిసేది, అంతే. ఆ దేశంవాళ్ళూ బిళ్ళలకు అదే చేశారన్నమాట. ఇంత చిన్న సంగతి మగ్గం పక్కన ముప్ఫై ఏళ్ళు పట్టు దారం కండెలకు చుట్టిన తనకు తట్టలేదే అని తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంటికొచ్చి అంతా చెప్పింది. సంజీవప్ప ఒప్పుకోలేదు. పెనుకొండ బిళ్ళలు కూడా నిజమైనవే అయి ఉండొచ్చు, వాటికీ లక్షలు రావచ్చు, వదిన అదృష్టం అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఇంకొకరి పట్టు నేసిన చేతులకు ఒక్కసారి అదృష్టం తగలకూడదా అని కూడా అన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వసుంధర దగ్గర నుంచి ఆమె ఒక ఖాళీ చుక్క బిళ్ళ కూడా తెచ్చింది. తిమ్మరాజుకు మొదట అదే ఇద్దాం, అతను నిజంగా బిళ్ళల మనిషైతే అక్షరం లేదని పట్టుకుంటాడు, అప్పుడు అసలుది తీసి ఇద్దాం, చీర నీ ఇష్టం అంది. సంజీవప్ప సరేనన్నాడు. నీ పరువే పోతుంది చూడు అని కూడా అన్నాడు.

సోమవారం హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వైపు నుంచి గాలి వీస్తోంది. లాడ్జి కింద కాఫీ హోటల్లో తిమ్మరాజు కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. లేచి నమస్కారం పెట్టి, అక్కా అని పిలిచి, మూడు కాఫీలు చెప్పాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడని ఆమెకు ఇంకా అనుమానం పెరిగింది.

ఆమె చీర చెంగు ముడి విప్పి ఖాళీ చుక్క బిళ్ళ బల్ల మీద పెట్టింది. తిమ్మరాజు దాన్ని అరచేతిలోకి తీసుకుని, రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు. తిప్పి చూడలేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకోలేదు.

"ఇదే అక్కా. ఎస్ బాగా తెలుస్తా ఉండాది. ఆరు లక్షల ఇరవై వేలకు తగ్గేది లేదు," అన్నాడు.

అని ఆ బిళ్ళను కాఫీ గ్లాసు పక్కన వదిలేసి, సంజీవప్ప ఒళ్ళో ఉన్న కవరు కోసం చెయ్యి చాపాడు. సంజీవప్ప ఇచ్చాడు, ముప్ఫై ఏళ్ళ అలవాటులో చీర అడిగినవాడికి అందించినట్టు. తిమ్మరాజు చీరను మాత్రం వదల్లేదు. మడత విప్పాడు. కొంగు ఎత్తి వెలుతురుకు పట్టాడు. వెనక్కి తిప్పి జరీ పోగు గోటితో గీకాడు. అంచు వెంబడి వేళ్ళు పోనిచ్చాడు. ఆరు లక్షల బిళ్ళ తిప్పి చూడని మనిషి చీరను ఇటూ అటూ తిప్పి చూస్తుంటే సంజీవప్ప ముఖం మెల్లగా మారడం శ్యామలమ్మ పక్క నుంచి చూసింది. ఆమె ఏమీ అననక్కర లేకుండా పోయింది.

కానీ చీర అతని ఒళ్ళో ఉంది. లాగితే పట్టు చినుగుతుంది.

"గుర్తు చూసుకున్నావా అప్పా?" అంది చాలా నెమ్మదిగా. "మా మగ్గం గుర్తు లేకుంటే బెంగుళూరులో ఇది ధర్మవరం చీరని ఎవురు నమ్ముతారు? ఈడియ్యి, చూపిస్తా."

తిమ్మరాజు ఇచ్చాడు. ఆమె కొంగు మొదట్లో రెండు పచ్చ పోగులు చూపించింది. బాగుందన్నాడు. అతను బాగుందంటుండగానే ఆమె పాత మడతల మీదే చీర మడిచి, కవర్లో పెట్టి, సంజీవప్ప చంకలో పెట్టి లేచి నిలబడింది.

"ఇప్పుడు ఆ బిళ్ళ తీసి చుక్కలో అక్షరం చదువు."

తిమ్మరాజు అప్పుడు చూశాడు. చూసి, మాట మార్చాడు. విదేశీ నాణేలు ఇంట్లో దాచుకోవడం నేరమని, తాను ఫోను చేస్తే పోలీసులు వస్తారని గొంతు పెంచాడు.

"ఫోనెందుకప్పా, దారిలోనే కదా స్టేషను. రా, ముగ్గురం కలిసే పోదాం. నాకూ శానా అడిగేది ఉండాది వాళ్ళను," అంటూ ఆమె బిళ్ళ తీసుకుంది. "ఇది మా వదినది. లెక్కగా తిరిగియ్యాల."

అతను కూర్చున్న చోటి నుంచి లేవలేదు. పోలీసులకు చెప్పడం మాత్రం ఆమె మానలేదు. పోతూ పోతూ పోలీసు స్టేషన్లో ఆగి, అతని ఫోను నంబరు రాయించి, రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో కానిస్టేబులు భుజం మీదుగా చదివి మరీ వచ్చింది.

బండిలో సంజీవప్ప చీర కవరు గుండెకు ఆనించుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఫోను చేసి చెబితే పెనుకొండలో వసుంధర ప్లాట్‌ఫారం మీదికి వచ్చి తన బిళ్ళ తీసుకుంది. బండి కదిలాక అన్నాడు.

"నేనూ బిళ్ళ తిప్పి చూడలేదు శ్యామలా. లక్షలే చూసినా."

ఆమె చీర కవరు అంచు సరిచేసి మళ్ళీ అతని చేతికే ఇచ్చింది.

ఆ వారంలోనే పూర్ణం పెట్టి ఓళిగలు చేసి ప్రసాద్ ఇంటికి తీసుకెళ్ళింది. క్షమాపణ చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఆ రెండు వందలు ఏంటికి ఇస్తానన్నావు అని నేరుగా అడిగింది. అతను లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి తెరిచాడు. అట్ట పేజీల్లో గుండ్రటి గళ్ళు, గడికొక దేశం బిళ్ళ. ఒక గడి కింద ఎస్ అని రాసి ఉంది, గడి ఖాళీగా ఉంది. కూడబెట్టుకోవడం సరదా అత్తా, అంతే అన్నాడు. శ్యామలమ్మ ప్రతి పేజీ తిప్పించి, ఏ గుర్తు ఏ ఊరిదో చెప్పించుకుంది. ఓళిగలు చల్లారిపోయాయి. తర్వాత పెనుకొండకు ఫోను చేసి వదిన డబ్బాలో నుంచి ఎస్ ఉన్న ఒక బిళ్ళ ఇప్పించింది. రెండు వందలూ వసుంధరకు పంపించింది. తన బిళ్ళ మాత్రం గూట్లోకే వెళ్ళింది. విలువ లేదని తెలిసినంత మాత్రాన అమ్మవారిని దించుతారా?

చీరను మరుసటి శుక్రవారం ఊళ్ళోనే ఒక అంగడికి పట్టుకెళ్ళారు. అంగడి ఆయన చీర పరిచి, దీపం కిందికి జరిపి, వెనక్కి తిప్పి, అరగంట చూశాడు. కొంగు దగ్గర అడ్డంగా పోయే ఒక పేక పోగు వదులుగా ఉందన్నాడు. అంచులో ఒక చోట జరీ ఒత్తుగా పడిందన్నాడు. రెండు పచ్చ పోగులు పట్టుకుని, ఇదేంది, రంగు తప్పా అన్నాడు.

"కాదు, గుర్తు," అన్నాడు సంజీవప్ప. షావుకారు లేని చీరకు గుర్తెందుకని శ్యామలమ్మకు అప్పుడే తట్టి అతని వైపు చూసింది. చెయ్యి అలవాటు అన్నట్టు భుజాలెగరేశాడు. తర్వాత అంగడి ఆయనకు చెప్పాడు. "తప్పేమన్నా తేలితే నాకాడికే పంపు."

ఆయన తప్పులకు కొంత తగ్గించి ధర చెప్పాడు. తగ్గించినా మళ్ళీ పట్టు కొనడానికి సరిపోతుంది. సంజీవప్ప బేరమాడబోతే శ్యామలమ్మ అతని మోచెయ్యి నొక్కింది. అన్ని తప్పులు పట్టినవాడు నిజంగా కొనడానికే చూస్తున్నాడని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. డబ్బు చేతికి వచ్చాక నోట్లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది.